ఒమన్ దుబాయ్ లాంటిదేనా? అక్కడ 23 ఏళ్లు పనిచేసిన సర్వేయరు జవాబు

మీ తమ్ముడికి ఒమన్‌లోని సలాలాలో ఒక నిర్మాణ సంస్థలో పని దొరికిందని రాశారు. ఇంట్లో ఎవరికీ ఆ దేశం గురించి తెలియదనీ, అక్కడి నేల, మనుషులు, సంపాదన, పాలన ఎలా ఉంటాయో వివరంగా చెప్పమనీ అడిగారు. చివర్లో, "అది కూడా దుబాయ్ లాంటిదేనా?" అని ఒక చిన్న ప్రశ్న వేశారు. నేను 1998 నుంచి 2021 చివరి దాకా ఒమన్‌లో రోడ్ల సర్వే పనిలో ఉన్నాను. మస్కట్, నిజ్వా, సూర్, దుఖమ్, సలాలా చుట్టుపక్కల నడవని దారి తక్కువ. అందుకని మీ చిన్న ప్రశ్నతోనే మొదలుపెడతాను.

కాదు, దుబాయ్ లాంటిది కాదు. మస్కట్‌లో ఆకాశాన్నంటే భవనాలు కనబడవు. ఇళ్లన్నీ తెలుపో లేత గోధుమ రంగో, కొండల ఎత్తు దాటకుండా, పొందిగ్గా ఉంటాయి. చమురు డబ్బుతో రాత్రికి రాత్రి లేచిన దేశం అనుకుని వెళితే మీ తమ్ముడికి అక్కడ చాలా విషయాలు అర్థం కావు. ఇప్పుడున్న రాజవంశం అధికారంలోకి వచ్చింది 1744లో. చమురు ఎగుమతి మొదలైంది 1967లో. ఈ రెండు సంవత్సరాల మధ్య దూరాన్ని గుర్తుపెట్టుకుంటే మిగతాది తేలికవుతుంది.

ముందు నేల సంగతి. ఒమన్ విస్తీర్ణం సుమారు 3,09,500 చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపినా దానికన్నా కొంచెం తక్కువే. జనాభా మాత్రం 50 లక్షల పైచిలుకు. అందులోనూ నూటికి 40 మందికి పైగా మనలాంటి విదేశీయులే. అరేబియా ద్వీపకల్పానికి ఆగ్నేయ మూలన, మూడు వేల కిలోమీటర్లకు పైగా సముద్ర తీరంతో, మన పశ్చిమ తీరానికి ఎదురుగా ఉంటుంది. ఉత్తర కొసన ముసందం అనే కొండల ముక్క ఒకటి ఉంది. దానికీ మిగతా దేశానికీ మధ్య యూఏఈ భూమి అడ్డంగా ఉంటుంది. ముసందం చిన్నదే, కానీ అది హోర్ముజ్ జలసంధి ఒడ్డున ఉంది. ప్రపంచం వాడే చమురులో సుమారు ఐదో వంతు వెళ్లే దారి అదే. అవతలి ఒడ్డు ఇరాన్. ఒమన్ ఎవరితోనూ తగవు పెట్టుకోకుండా మెలగడానికి మూలం చాలావరకు ఈ ఒక్క చోటే ఉంది.

మస్కట్ నుంచి వాయవ్యంగా బాతినా మైదానం, ఖర్జూరపు తోటలు, చేపల రేవులు. దాని వెనక గోడలా హజర్ పర్వతాలు. అందులో జబల్ షమ్స్ శిఖరం సుమారు 3,000 మీటర్ల ఎత్తు. ఒకప్పటి సముద్రపు అడుగు రాయి అక్కడ నేల మీదికి వచ్చి కనబడుతుంది కాబట్టి భూగర్భ శాస్త్రజ్ఞులు ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. జబల్ అఖ్దర్ మీద వసంతంలో గులాబీలు కోసి, మట్టి బట్టీల మీద పన్నీరు తీస్తారు. దానిమ్మ పండుతుంది. కొండ దిగి దక్షిణానికి వెళితే వందల కిలోమీటర్లు ఒక్క చెట్టు లేని రాతి ఎడారి. పడమట రుబ్ అల్ ఖాలీ ఇసుక సముద్రం. ఆ ఎడారి దాటాక దోఫార్. మీ తమ్ముడు వెళ్లే సలాలా అక్కడిదే, దాని గురించి చివర్లో చెబుతాను.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. కొండల మధ్య ఎండిపోయిన వాగులను అక్కడ వాదీ అంటారు. ఏడాదంతా గులకరాళ్లే కనిపిస్తాయి. ఎక్కడో 30 కిలోమీటర్ల దూరంలో వాన పడితే, మన నెత్తిన ఎండ కాస్తుండగానే మనిషి ఎత్తు నీళ్లు వచ్చి పడతాయి. ప్రతి ఏటా కార్లతో సహా మనుషులు కొట్టుకుపోతున్నారు. 2007లో గోను, 2018లో మెకును, 2021 అక్టోబరులో షాహీన్ తుపానులు ఆ దేశాన్ని అతలాకుతలం చేశాయి. షాహీన్ తర్వాత బాతినాలో మేము వేసిన రోడ్డు ముక్కలై తోటల్లో పడి ఉండటం నేను కళ్లారా చూశాను. నీళ్లు పారుతున్న వాదీలోకి బండి దింపడం అక్కడ చట్టరీత్యా నేరం. మీ తమ్ముడికి ఈ మాట రెండుసార్లు చెప్పండి.

ఇంత ఎండిన నేల మీద వేల ఏళ్లుగా మనుషులు ఎలా బతికారు? ఒమన్‌ను అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన తాళంచెవి ఈ ప్రశ్నే. అక్కడ ఫలజ్ అనే కాలువలు ఉన్నాయి. కొండ పాదంలో బావి తవ్వి, ఊటను పట్టుకుని, సన్నటి వాలుతో భూమి లోపల సొరంగంలా కిలోమీటర్ల కొద్దీ నడిపించి ఊరి దగ్గర బయటికి తెస్తారు. మోటారు లేదు, గిలక లేదు, వాలు ఒక్కటే పని చేస్తుంది. అలాంటివి ఇప్పటికీ సుమారు మూడు వేలు పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నిజ్వాలోని ఫలజ్ దారిస్, బిర్కత్ అల్ మౌజ్ ఊళ్లోని ఫలజ్ అల్ ఖత్మీన్ అందులోవే. అల్ ఖత్మీన్ నీళ్లు ఒకచోట సరిసమానంగా మూడు పాయలవుతాయి. ఆ చీలిక దగ్గర నిలబడి కొలిచి చూశాను. సర్వే పనిముట్లు లేని కాలంలో అంత కచ్చితంగా ఎలా కట్టారో అన్న ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మాది అనంతపురం జిల్లా. మా ఊరి చెరువు కింద నీళ్లు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. తెలంగాణలో నీరటి అంటారు. ఫలజ్‌కు కూడా అలాంటి మనిషి ఉంటాడు, ఆయనను వకీల్ అంటారు. మనం కోర్టులో వాడే వకీలు మాటే అది. కాలువ బయటపడిన చోట ముందు తాగడానికి పట్టుకోవాలి. తర్వాత మసీదు, స్నానాలు. ఆ తర్వాత ఖర్జూరాలకు, నీళ్లు మిగిలితే ఏడాది పంటలకు. ఒక్కో కుటుంబానికి వంతు ఉంటుంది. ఆ వంతును అసర్ అనే కొలతతో లెక్కిస్తారు, సుమారు అరగంట. పగలు కర్ర నీడ, రాత్రి నక్షత్రాలు వాళ్ల గడియారం. కొంత నీటిని ఎవరికీ ఇవ్వకుండా ఫలజ్ పేరునే ఉంచి, వేలం వేసి, ఆ డబ్బుతో పూడిక తీస్తారు. ఒకసారి నిజ్వా దగ్గర మా రోడ్డు గీత ఒక సొరంగం మీదుగా వెళ్లింది. కాగితాల మీద అక్కడ ఏమీ లేదు. ముసలి వకీల్ ఒకాయన వచ్చి, కర్రతో నేల మీద గీత గీసి, లోపల కాలువ ఎటు మలుపు తిరుగుతుందో చూపించాడు. తవ్వి చూస్తే మూరెడు తేడా కూడా లేదు. రోడ్డునే పక్కకు జరిపాం.

ఉన్న కొంచెం నీటిని కూర్చుని మాట్లాడుకుని పంచుకోవడం అలవాటైన సమాజంలో అధికారాన్ని కూడా అలాగే చూశారు. ఒమనీలలో చాలామంది ఇబాదీలు. వీరు సున్నీలు కారు, షియాలు కారు. ఇస్లాం తొలి శతాబ్దంలోనే విడివడిన మూడో పాయ. పండితులు, తెగల పెద్దలు కలిసి ఇమామ్‌ను, అంటే మతానికీ పాలనకూ పెద్దగా ఉండే మనిషిని, ఎన్నుకోవాలనీ, తప్పు చేస్తే తొలగించవచ్చనీ వారి సంప్రదాయం. ఆచరణలో అది చాలాసార్లు వంశపాలనగా మారింది, నిజమే. అయినా ఆ భావన జనం మనసులో చెరగలేదు. ఇబాదీ మసీదులో సున్నీ, షియా పక్కపక్కనే నమాజు చేయడం నేను అనేక శుక్రవారాలు చూశాను. చుట్టూ ఉన్న దేశాల్లో మతశాఖల పేరిట రక్తం పారుతున్న రోజుల్లో కూడా ఆ దృశ్యం మారలేదు. నాకు ఆ దేశం మీద గౌరవం పుట్టిన మొదటి కారణం ఇదే.

చరిత్రలో రెండు ఒమన్‌లు ఉండేవి, కొండల లోపలిది ఒకటి, తీరానిది ఒకటి. తీరం ముఖం ఎప్పుడూ సముద్రం వైపే. 1507లో పోర్చుగీసులు మస్కట్‌ను పట్టుకున్నారు. 1650లో ఒమనీలు వాళ్లను తరిమేశారు. ఆ తర్వాత వాళ్ల ఓడలు తూర్పు ఆఫ్రికా దాకా ఏలాయి. సయీద్ బిన్ సుల్తాన్ అనే పాలకుడు తన దర్బారునే జాంజిబార్ ద్వీపానికి మార్చాడు. లవంగాల తోటలు, ఏనుగు దంతాలు, వాటితో పాటు బానిసల వ్యాపారం. ఈ చివరి మాటను దాటేసి ఒమన్ వైభవం గురించి మాట్లాడటం న్యాయం కాదు. 1856లో ఆయన చనిపోయాక కొడుకులు తగవు పడితే, 1861లో తీర్పు చెప్పింది కలకత్తాలోని గవర్నర్ జనరల్ లార్డ్ కానింగ్. మస్కట్ వేరు, జాంజిబార్ వేరు అయ్యాయి. 1960ల చివరి దాకా మస్కట్ వీధుల్లో చెల్లింది మన రిజర్వు బ్యాంకు ముద్రించిన గల్ఫ్ రూపాయే. ఇప్పటి రియాల్‌లో వెయ్యో వంతును బైసా అంటారు, అది మన పైసాయే. పాకిస్తాన్‌లోని గ్వాదర్ రేవు కూడా 1958 దాకా ఒమన్ సుల్తానుదే.

కొండల లోపల మాత్రం ఇమామ్ ఉండేవాడు. 1920లో సీబ్ ఒప్పందంతో ఆయనా, తీరంలోని సుల్తానూ సర్దుకున్నారు. లోపల చమురు ఉందన్న ఆశ పుట్టగానే 1950లలో యుద్ధం వచ్చింది, బ్రిటిష్ సాయంతో సుల్తాను గెలిచాడు. ఆ తర్వాత దోఫార్‌లో 1965 నుంచి పదేళ్లు తిరుగుబాటు. అప్పటి సుల్తాను సయీద్ బిన్ తైమూర్ దేశాన్ని మూసిన పెట్టెలా ఉంచాడు. 1970 నాటికి దేశం మొత్తం మీద మూడు బడులు, పది కిలోమీటర్ల తారురోడ్డు. రాత్రి అయితే మస్కట్ కోట తలుపులు మూసేవారు, లాంతరు లేకుండా బయట నడవకూడదు. 1970 జులై 23న కొడుకు ఖాబూస్ తండ్రిని దించి గద్దె ఎక్కాడు. నా తోటి ఒమనీ డ్రైవరు ఒకాయన తన చిన్నతనంలో గాడిద మీద మూడు రోజులు వెళ్లిన దారిలో నన్ను గంటన్నరలో తీసుకెళుతూ ఇదంతా చెప్పేవాడు. ఖాబూస్ పేరు ఎత్తితే ఆయన గొంతు మారేది. 2020 జనవరిలో ఖాబూస్ చనిపోయిన రోజు మా ఆఫీసులో పెద్దవాళ్లు పిల్లల్లా ఏడ్చారు.

మనుషుల గురించి. ఒమనీ అంటే ఒకే ముఖం ఊహించుకోవద్దు. అరబ్బులతో పాటు బలూచీలు ఉన్నారు. జాంజిబార్ నుంచి తిరిగి వచ్చిన కుటుంబాలు ఇంట్లో స్వాహిలీ మాట్లాడతాయి. మస్కట్ పాత రేవు మత్రాలో ఉండే లవాతియా అనే వర్తక సమాజం మూలాలు సింధ్ వైపు. దోఫార్ కొండల్లో అరబ్బీకి దూరపు చుట్టమైన జిబ్బాలీ భాష ఉంది. హిందీ అర్థమయ్యే ఒమనీలు కూడా చాలామంది. గుజరాతీ వ్యాపారులు తరాలుగా అక్కడే ఉన్నారు, కొందరు పౌరులయ్యారు. కనక్‌సీ ఖింజీ అనే హిందూ వ్యాపారికి సుల్తాను షేక్ బిరుదు ఇచ్చాడు. పాత మస్కట్‌లో రాజభవనానికి దగ్గర్లో శివాలయం ఉంది. శివరాత్రికి మన వాళ్లు బారులు తీరతారు.

మగవాళ్లు తెల్లటి దిష్‌దాషా, తలకు కుట్టుపని చేసిన కుమ్మా టోపీ పెట్టుకుంటారు. మెడ దగ్గర వేలాడే చిన్న కుచ్చుకు అత్తరు అద్దుతారు. ఇంటికి వెళితే ముందు ఖర్జూరం, హల్వా, తర్వాత యాలకుల కాఫీ. చాలనుకుంటే చిన్న కప్పును చేతిలో అటూ ఇటూ కదిలించి ఇవ్వాలి. కదిలించకపోతే పోస్తూనే ఉంటారు. గొంతు పెంచడం అక్కడ చాలా పెద్ద తప్పు. కోపం వచ్చినా మెల్లగానే మాట్లాడతారు, ఎదుటివాడూ అలాగే ఉండాలని ఆశిస్తారు. ఆడపిల్లల చదువు నేను వెళ్లిన నాటికే ఊపందుకుంది. తర్వాత ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో ఒమనీ స్త్రీలు లేని గది నాకు కనబడలేదు.

సంపాదన విషయానికి వస్తే, పొరుగు దేశాల లెక్కలో ఒమన్ చమురు కొంచెమే. రోజుకు సుమారు పది లక్షల పీపాలు. పైగా అది సులువుగా రాదు. పగుళ్ల రాతిలో, చిక్కటి ముడిచమురుగా ఉంటుంది. ఆవిరి పంపి కరిగించి తీయాలి, ఖర్చు ఎక్కువ. ప్రధాన చమురు సంస్థలో ప్రభుత్వ వాటా 60 శాతం, షెల్ వాటా 34 శాతం. చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్‌లో ఒమన్ సభ్యురాలు కాదు, ఆ కూటమితో కలిసి నడిచే ఒపెక్ ప్లస్ బృందంలో మాత్రం ఉంది. సూర్ దగ్గర ఖల్హాత్‌లో సహజవాయువును ద్రవంగా మార్చి ఓడల్లో పంపుతారు. ఆ పక్కనే మన ఎరువుల సహకార సంస్థలు ఇఫ్కో, క్రిభ్‌కో భాగస్వామ్యంతో కట్టిన ఎరువుల కర్మాగారం నుంచి ఏళ్ల తరబడి మన దేశానికి యూరియా వచ్చింది. చమురు రాకముందు ఎగుమతులంటే చేపలు, ఖర్జూరాలు, ఎండు నిమ్మకాయలు, దోఫార్ లుబాన్ (ధూపానికి వాడే సువాసన చెట్టు బంక). మబ్సలీ రకం ఖర్జూరాన్ని ఉడికించి ఎండబెట్టి ఇప్పటికీ భారతదేశానికి పంపుతారు.

2014లో చమురు ధర కూలినప్పుడు మా సంస్థల్లో సగం పనులు ఆగిపోయాయి. 2020లో కరోనా వచ్చేసరికి ప్రభుత్వ అప్పు జాతీయోత్పత్తిలో మూడింట రెండు వంతులు దాటింది. కొత్త సుల్తాను హైతం బిన్ తారిఖ్ ఖర్చు తగ్గించాడు, మంత్రిత్వ శాఖలను కలిపేశాడు, 2021 ఏప్రిల్‌లో 5 శాతం వ్యాట్ వేశాడు. నాలుగేళ్లలో అప్పు భారం దాదాపు సగానికి దిగింది. 2028 జనవరి నుంచి ఏటా 42,000 రియాల్స్ దాటిన ఆదాయంపై 5 శాతం పన్ను రాబోతోంది. గల్ఫ్ సహకార మండలి దేశాల్లో వ్యక్తిగత ఆదాయపు పన్ను చట్టం చేసిన మొదటి దేశం ఇదే. మీ తమ్ముడి జీతానికి అది తగలదు. నేను దీన్ని ఎత్తడానికి కారణం వేరే: చమురు శాశ్వతం కాదని ఒప్పుకుని, ఆ మాట ప్రజలకు చెప్పి, దాని ప్రకారం నడిచే ప్రభుత్వాలు ఆ ప్రాంతంలో ఎక్కువ లేవు. సోహార్‌లో లోహపు పరిశ్రమలు, సలాలాలో కంటైనర్ల రేవు, దుఖమ్‌లో 2024లో కువైట్‌తో కలిసి ప్రారంభించిన శుద్ధి కర్మాగారం అన్నీ ఆ ఆలోచనలోనివే. అయినా ఇవాళ్టికీ ఖజానాకు వచ్చే డబ్బులో చాలా భాగం చమురు, గ్యాస్‌లదే. యువకుల నిరుద్యోగం పెద్ద సమస్య. 1988 నుంచీ విదేశీయుల స్థానంలో స్వదేశీయులను పెట్టే ఒమనైజేషన్ నడుస్తోంది, అది ఏటేటా బిగుస్తుంది. వాళ్ల పిల్లలకు వాళ్ల దేశంలో పని కావాలనుకోవడం న్యాయమే. మీ తమ్ముడు అక్కడ జీవితాంతం ఉంటాననుకోకుండా, చేతిపని ఒకటి గట్టిగా నేర్చుకోవాలి.

పాలన పూర్తిగా సుల్తాను చేతిలోనిదే. ప్రధానమంత్రి కూడా ఆయనే. ఆయన ఫర్మానాయే చట్టం. 1996లో లిఖిత రాజ్యాంగం లాంటి మౌలిక చట్టం వచ్చింది, 2021లో దాన్ని మార్చి యువరాజు పదవిని ఏర్పరిచారు. అంతకు ముందు వారసుడి పేరు మూసిన కవరులో ఉండేది. 2020లో కుటుంబం ఆ కవరు విప్పించి హైతం పేరు చదివించింది. దేశంలో 11 గవర్నరేట్లు, వాటి కింద మన తాలూకాల్లాంటి విలాయత్‌లు, ఒక్కో విలాయత్‌కు వాలీ అనే అధికారి. మజ్లిస్ ఒమన్‌లో రెండు సభలు. దౌలా సభను సుల్తాను నియమిస్తాడు, షూరా సభను 21 ఏళ్లు నిండిన పౌరులు ఎన్నుకుంటారు. 2011లో సోహార్‌లో ఉద్యోగాల కోసం జనం వీధికెక్కాక షూరాకు అధికారాలు కొంత పెరిగాయి. 2023లో ఓటు ఫోను యాప్‌తోనే వేశారు. 90 స్థానాల్లో ఒక్క స్త్రీ కూడా గెలవలేదు. రాజకీయ పార్టీలు లేవు. సుల్తానును విమర్శించడం నేరం, పత్రికలు మూతబడిన సందర్భాలు ఉన్నాయి. అక్కడి శాంతిని మెచ్చుకుంటూనే ఈ లోటును కూడా చెప్పాలి. విదేశాంగంలో మాత్రం వాళ్ల నేర్పు గొప్పది. అమెరికా, ఇరాన్ 2013లో రహస్యంగా మాట్లాడుకున్నది మస్కట్‌లోనే. 2015లో యెమెన్ మీద యుద్ధానికి గల్ఫ్ దేశాలు కదిలితే ఒమన్ వెళ్లలేదు.

ఇక మీ తమ్ముడికి నేరుగా పనికొచ్చేవి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన దేశాల జాబితాలో ఒమన్ ఉంది. పదో తరగతి పాస్ కాకపోతే మన ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్ ద్వారానే వెళ్లాలి. ఆజాద్ వీసా అని ఎవరైనా అమ్మజూపితే కొనవద్దు. కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) ఒకరు, పని మరొకరి దగ్గర అయితే ఆ రోజు నుంచే చట్టం దృష్టిలో దొంగ. మన వాళ్లు ఖల్లివల్లి అనే ఆ స్థితిలో పడి, తల్లిదండ్రులు పోయినా ఇంటికి రాలేకపోయిన కుర్రాళ్లను నేను ఎరుగుదును. 2021 జనవరి నుంచి ఒప్పందం పూర్తయ్యాక పాత యజమాని అనుమతి పత్రం లేకుండానే వేరే చోటికి మారవచ్చు. అందుకే ఒప్పందం ప్రతి, జీతం బ్యాంకులో పడినట్టు రుజువు ఫోనులో దాచుకోవాలి. పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు, అడిగి తీసుకోవాలి. జూన్ 1 నుంచి ఆగస్టు చివరి దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదన్నది నియమం. వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు.

చివరిగా సలాలా. జూన్ చివరి వారం నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి సముద్రం మీది చల్లదనాన్ని మోసుకొచ్చి కొండలకు కొడుతుంది. పొగమంచు, సన్నటి జల్లు, 25 డిగ్రీల చలవ. ఆ కాలాన్ని అక్కడ ఖరీఫ్ అంటారు, మన రైతులు పంటకు వాడే మాటే. మిగతా గల్ఫ్ అంతా 45 డిగ్రీల్లో ఉడుకుతుంటే, సలాలా కొండలు పచ్చగా ఉంటాయి. ఊరి చుట్టూ కొబ్బరి, అరటి, బొప్పాయి తోటలు, రోడ్డు పక్కన బోండాల బండ్లు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మా వంటమనిషి మొదటిరోజు ఆ తోటల మధ్య చాలాసేపు ఊరికే నిలబడిపోయాడు. కొండ దాటి తుమ్రైత్ వైపు వెళితే అరగంటలో మళ్లీ ఎడారి, అక్కడే లుబాన్ చెట్లు. మస్కట్ నుంచి బస్సులో వస్తే సుమారు వెయ్యి కిలోమీటర్లు, పగటి బస్సే ఎక్కమనండి. రాత్రుళ్లు ఆ దారిలో ఒంటెలు రోడ్డు మీద నిలబడి ఉంటాయి, లైటు పడ్డా కదలవు. జులైలో చేరేట్టయితే పెట్టెలో ఒక పలచటి స్వెటరు పెట్టండి.